సొంత రివాల్వరు తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకోవచ్చా? తక్కువ ఖర్చుతో గురి సాధనకు దారి ఏది?

ప్రశ్న అడిగినవారు: పలాస పలుకు

అందరికీ నమస్కారం. మాది పలాస. జీడిపప్పు వ్యాపారంలో రాత్రిపూట నగదుతో తిరగవలసి వచ్చేది కనుక మా ఇంట్లో ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సు మా నాన్నగారి కాలం నుంచే ఉంది. ఆయన పెద్దవారయ్యాక నేను నా పేరున విడిగా దరఖాస్తు పెట్టుకుని, శిక్షణ ధ్రువపత్రం, పోలీసు విచారణ అన్నీ పూర్తయ్యాక, మన దేశంలోనే తయారైన పాయింట్ 32 రివాల్వరు ఒకటి తీసుకున్నాను. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, కోడ్ ఎత్తేశాక మళ్లీ తెచ్చుకోవడం తప్పితే ఇన్నాళ్లూ దానితో నాకు పెద్దగా పని పడలేదు.

ఈమధ్య మా బావమరిది అమెరికాలోని టెక్సస్ నుంచి సెలవుకు వచ్చాడు. అతను అక్కడ వారాంతాల్లో కాలక్షేపానికి టార్గెట్ షూటింగ్ చేస్తాడు. పేల్చిన తూటాల ఇత్తడి కేసులు ఏరుకుని ఇంటికి తెచ్చి, గ్యారేజీలో బల్లకు బిగించిన చేతి ప్రెస్సుతో వాటిలో కొత్త ప్రైమరు (పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత), మందు, గుండు అమర్చుకుంటాడట. దుకాణంలో కొన్నదానికంటే తనకు బాగా తక్కువలో పడుతోందని వీడియోలు కూడా చూపించాడు. ఇక్కడ నేను కొనే తూటా ధర చూస్తే సాధన మాట అటుంచి, ఒకసారి సిలిండరు నింపి ఖాళీ చేయాలన్నా ఆలోచించుకోవలసి వస్తోంది.

నా సందేహాలు ఇవి. లైసెన్సు ఉన్నవాడు తన సొంత వాడకానికి, అదీ కేవలం కాగితం మీద గురి చూసుకోవడానికి, ఖాళీ కేసులను ఇంట్లో నింపుకుంటే అభ్యంతరం ఉంటుందా? ప్రెస్సు, డైలు (కేసును కొలతకు తెచ్చి గుండు బిగించే అచ్చులు) మాత్రం బావమరిదితో తెప్పించుకుని మిగతావి ఇక్కడ సంపాదించుకోవచ్చా? రెండూ కుదరకపోతే, ఉద్దానం పల్లెల్లో ఉండేవాడు అందుబాటు ఖర్చుతో గురి నేర్చుకోవడానికి వేరే మార్గం ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: చింతలవలస పెద్దాయన

బాబూ, నేను పోలీసు బెటాలియనులో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ మొదటి రెండు సందేహాలకూ జవాబు ఒకటే: వద్దు. వీలుకాదు అన్న మాట మర్యాదకు చెప్పడం లేదు. మీ లైసెన్సు మిమ్మల్ని కాపాడే పరిధి అక్కడితో ముగిసిపోతుంది కనుక చెబుతున్నాను.

మీ చేతిలో ఉన్నది 1959 నాటి ఆయుధాల చట్టంలోని 3వ సెక్షన్ కింద ఇచ్చిన లైసెన్సు. అది ఆయుధాన్ని, తూటాలను సంపాదించుకుని దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. తయారీకి, అమ్మకానికి, మరమ్మతుకు సంబంధించినది 5వ సెక్షన్. దాని కింద వేరే లైసెన్సు కావాలి, అది ఫ్యాక్టరీలకూ డీలర్లకూ ఉద్దేశించినది. ఖాళీ కేసులో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చితే ఒక కొత్త తూటా పుట్టినట్టే. అమ్మకానికి కాదు, నా వాడకానికే అంటే చట్టం ఆ తేడా చూడదు. 2019లో చేసిన సవరణ తరువాత లైసెన్సు లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా ఉంది. కాగితం మీద గురి చూసుకునే సరదాకి అంత బరువు మోయవలసిన అవసరం ఎవరికీ లేదు.

ప్రెస్సు, డైలు మాత్రం తెప్పించుకుంటానన్నారు. చాలామంది పొరబడేది ఇక్కడే. చట్టం 2వ సెక్షన్‌లో తూటా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలు, తూటాలను తయారుచేసే యంత్ర సామగ్రి కూడా కలిసే ఉన్నాయి. మీ బావమరిది పెట్టెలో ఆ ప్రెస్సు, ఒక డబ్బా ప్రైమర్లు ఉంటే, విమానాశ్రయంలో వాటిని ఇనుప సామాను అని ఎవరూ వదిలిపెట్టరు. కోటు జేబులో ఎప్పటిదో ఒక తూటా మరిచిపోయి విమానాశ్రయ తనిఖీలో దొరికిపోయి కేసుల పాలైనవారు మన దేశంలో ఎంతోమంది ఉన్నారు. అమెరికా వైపు కూడా ఇలాంటి సామగ్రి ఎగుమతి మీద నియంత్రణ ఉందని అతనికి చెప్పండి.

ఖాళీ కేసు విలువ మీకు అర్థం కావాలంటే మా ఫైరింగు రేంజి చూసి ఉండవలసింది. ఫైరింగు అయిపోయాక అందరూ వరుసగా నిలబడి, గడ్డిలో, ఇసుకలో వంగి ఖాళీలు ఏరేవారు. మేము వాటిని ఖోకాలు అనేవాళ్లం. ఇచ్చిన తూటాలు ఎన్ని, పేలినవి ఎన్ని, పేలక మిగిలినవి ఎన్ని, ఖోకాలు ఎన్ని అన్నది రిజిస్టరులో సరిపోయేదాకా లారీ కదిలేది కాదు. ఒక్క ఖాళీ తగ్గితే చీకటి పడినా టార్చిలైట్లు వేసి వెతికించేవారు. తుప్పల్లో దొరికిన ఇత్తడి ముక్క అడుగున ప్రైమరు మీద పిన్ను పడిన గుంట కనిపిస్తేనే అందరికీ ఊపిరి వచ్చేది. మీ ఖాళీల విషయంలోనూ అంతే జాగ్రత్త పాటించండి. కొన్ని రాష్ట్రాల్లో కొత్త తూటాలు కొనేముందు వాడినవాటి ఖాళీలు చూపించమని అధికారులు అడుగుతున్నారు. వాటిని పాతసామాన్లవాడికి వేయకుండా భద్రపరచి, కొన్నది, వాడినది లెక్క రాసి పెట్టుకోవడం మీకే మంచిది.

చివరిగా ఒక మాట. ఈ రివాల్వరును తోటలోనో, పెరట్లోనో పెట్టి పేల్చి గురి చూసుకోవద్దు. ఎదుటివారి ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చినా, వేడుకల్లో గాలిలోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడేలా అదే 2019 సవరణలో చేర్చారు. జీడి తోటల్లో ఎప్పుడు ఏ చెట్టు కింద ఎవరు పిక్కలు ఏరుకుంటున్నారో కనబడదు.

సమాధానం: డాలస్ విజయనగరం

నేను విజయనగరం కోట దగ్గర పుట్టి పెరిగి, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ రీలోడింగు, అంటే ఖాళీ కేసులను మళ్లీ నింపుకోవడం, చట్టబద్ధమైన అభిరుచి, నేనూ చేస్తాను. పెద్దాయన చెప్పిన చట్టం సంగతి అక్షరాలా పాటించవలసినదే. దానికి తోడు, మీ బావమరిది వీడియోలో కనిపించని లెక్క ఒకటి చెబుతాను.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమరు, లోపల పొగరాని మందు, ముందు గుండు. వీటిలో మళ్లీ పనికివచ్చేది కేసు ఒక్కటే. పాయింట్ 32 రివాల్వరు తూటాలాంటి తక్కువ పీడనం గల, నిటారు గోడల కేసు చాలాసార్లు పనికివస్తుంది. మిగతా మూడూ ప్రతిసారీ కొనవలసినవే. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాకైతే ఆ వెసులుబాటు కూడా లేదు. దాని పేలుడు రసాయనం కేసు అంచు లోపలే ఉంటుంది, పిన్ను ఆ అంచును నలిపేస్తుంది కనుక అది ఒకసారికే సరి.

చవక అన్న మాట ఎక్కువగా పాత రకం రివాల్వరు తూటాలు కాల్చేవారికి, పోటీలవారికి, లేక కొలత విషయంలో చాదస్తం ఉన్నవారికి వర్తిస్తుంది. అమెరికాలో అందరూ కాల్చే 9 మిల్లీమీటర్ల తూటా ఫ్యాక్టరీల్లో కుప్పలుతెప్పలుగా తయారవుతుంది కాబట్టి దాన్ని ఇంట్లో నింపినందువల్ల మిగిలేది స్వల్పం. ప్రెస్సు, డైలు, తూకం, కొలత పనిముట్ల పెట్టుబడి రాబట్టుకోవడానికే చాలా కాలం పడుతుంది. పైగా 2020, 2021 సంవత్సరాల్లో ఇక్కడ ప్రైమర్లు దొరకక, దొరికినా ధర మండిపోయి, ప్రెస్సులు ఉన్నవాళ్లందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇంకొక సంగతి: ఆ 9 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం) భారతదేశంలో నిషిద్ధ బోరుల జాబితాలో ఉంది. కనుక అతని ఖర్చుకూ మీ ఖర్చుకూ పోలిక కుదరదు.

ప్రమాదం మాట కూడా చెప్పాలి. పిస్టలు మందు గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు. ఒక తూటాకు పట్టేది కొద్ది గ్రెయిన్లే కావడం వల్ల చాలా కేసుల్లో మందు సగం దాకా కూడా రాదు. అందుచేత పరధ్యానంలో రెండోసారి మందు పోసినా పొంగి బయటపడదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది, తూటా పైకి చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. తేడా పేల్చినప్పుడే తెలుస్తుంది, అప్పుడు రివాల్వరు సిలిండరు చీలిపోవచ్చు. దీనికి విరుద్ధమైన పొరపాటు ఇంకొకటి: మందు పోయడమే మరిచిపోతే ప్రైమరు ఒక్కటే చిటుక్కుమని, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు తక్కువగా వచ్చిందని గమనించకుండా మరోసారి ట్రిగ్గరు నొక్కితే గొట్టం ఉబ్బిపోతుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు మందు పోసిన కేసులను చట్రంలో నిలబెట్టి, గుండు పెట్టడానికి ముందు ప్రతి కేసులోకీ దీపం వేసి చూస్తారు. ఫోనూ, టీవీ, మాటలూ ఏవీ ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో నేను దీన్ని పిల్లలు నిద్రపోయాకే చేస్తాను. ఆ రాత్రి నిద్ర చాలకపోతే బల్ల దగ్గరకే వెళ్లను.

అందుచేత ఇక్కడ కూడా ఇది డబ్బు మిగిల్చే పని అనడం కంటే ఓపికతో చేసుకునే వేరొక వ్యసనం అనడమే సబబు. మిగిలిందనుకున్న డబ్బుతో ఇంకా ఎక్కువ తూటాలు కాలుస్తాం తప్ప నెలాఖరుకు జేబులో ఏమీ మిగలదు.

ప్రశ్న అడిగినవారు: పలాస పలుకు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రెస్సు మాట మానుకుంటున్నాను. ఒక చిన్న సందేహం మాత్రం మిగిలింది. మా తాతగారికి మందస దగ్గర కొండవాలు పొలాల్లో పందుల బెడదకు లైసెన్సు ఉన్న పాతకాలపు తుపాకీ ఉండేది. గొట్టం ముందునుంచి మందు, గుడ్డపీలిక, రవ్వలు కూరి, వెనుక క్యాపు పెట్టేవారు. మందు దుకాణంలోనే కొనేవారని గుర్తు. అది తయారీ కిందకు రాలేదా? అలాగే మూడో ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పగలరా?

సమాధానం: చింతలవలస పెద్దాయన

ఆ తుపాకీకి తూటా అన్నదే ఉండదు బాబూ. మందు కూరడం అక్కడ ఆయుధాన్ని వాడే పద్ధతిలో భాగం. ఆ లైసెన్సు ఉన్నవారికి ఎంత మందు, ఎన్ని క్యాపులు అన్న పరిమితితో అనుమతి ఉండేది, డీలరు దాన్ని పుస్తకంలో ఎక్కించి ఇచ్చేవాడు. మీ రివాల్వరు లైసెన్సులో రాసి ఉండేది ఫలానా బోరు తూటాలు, ఒకేసారి దగ్గర ఉంచుకోదగినవి ఇన్ని, ఏడాదికి కొనదగినవి ఇన్ని అని. ఆ రెండింటినీ కలిపి చూడకండి.

సమాధానం: నాగావళి గట్టు

మూడో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే శ్రీకాకుళంలో నేను ఆ దారినే నడుస్తున్నాను. ఎయిర్ పిస్టలు కొనుక్కోండి. అది మందుతో కాక గాలి ఒత్తిడితో పెల్లెట్టు అనే చిన్న సీసపు గుండును వదిలే పిస్టలు.

బొమ్మ తుపాకీ అని తీసిపారేయకండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. 2012 లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ దానితోనే. 2024 పారిస్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం సాధించింది. గురి, శ్వాస, ట్రిగ్గరు మీద వేలి అదుపు ఇవన్నీ అక్కడ నేర్చుకున్నవే మీ రివాల్వరుకూ పనికివస్తాయి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, గొట్టం నుంచి బయటపడేటప్పుడు పెల్లెట్టు శక్తి 20 జౌళ్లకు మించకుండా ఉండే ఎయిర్ ఆయుధానికి లైసెన్సు అవసరం లేదు. పోటీ రకం పిస్టలు అరగ్రాము పెల్లెట్టును సెకనుకు 150 మీటర్ల వేగంతో వదిలినా సుమారు 6 జౌళ్లే. అయినా గుర్తింపు కార్డు చూపించి, అధీకృత డీలరు దగ్గరే కొని, బిల్లు తీసుకుని దాచుకోండి. ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

ఇక ఖర్చు. పోటీ రకం పెల్లెట్లు 500 ఉన్న డబ్బాల్లో వస్తాయి. ఒలింపిక్ పోటీలో అర్హత దశకు 60 షాట్లు కనుక, పూటకు అన్ని చొప్పున కాల్చినా ఒక డబ్బా ఎనిమిది పూటలకు వస్తుంది. ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో రివాల్వరు తూటాలు ఎన్ని వస్తాయో మీరే లెక్క వేసుకోండి. కొనేటప్పుడు మాత్రం ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కటర్ రకమే అడగండి. మొనదేలిన పెల్లెట్లు కాగితాన్ని చీల్చి వదిలేస్తాయి, గుండు ఏ గీతను తాకిందో తెలియక తగాదా మిగులుతుంది. చదును పెల్లెట్టు పంచింగు మిషనుతో కొట్టినట్టు గుండ్రటి కన్నం చేస్తుంది. ఎయిర్ పిస్టలు టార్గెట్టులో పది పాయింట్లు ఇచ్చే నడిమి వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కనుక అక్కడ ఆ తేడా తెలుస్తుంది.

డబ్బా బస్సులో కుదుపుల మీద వస్తే పెల్లెట్ల వెనుక పలచటి అంచులు నొక్కుకుపోతాయి. నేను డబ్బా విప్పగానే పాత దినపత్రిక మీద పోసి, ఒక్కొక్కటీ వేలిమొనతో దొర్లించి చూస్తాను. అంచు సొట్టపడినది వంకరగా దొర్లి పక్కకు తిరిగిపోతుంది. అవి వేరే సీసాలోకి పోతాయి, తమ్ముడి పిల్లలు అడిగినప్పుడు వాటితో నేర్పిస్తాను. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక ఆ చేతులతో ఏదీ తినకండి. సాధన అవగానే సబ్బుతో కడుక్కోవాలి.

స్థలం గురించి దిగులు పడకండి. పది మీటర్లంటే సుమారు 33 అడుగులు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే వరుసలో గదులుండే మన పొడుగాటి ఇళ్లకు ఆ కొలత సులువుగా సరిపోతుంది. టార్గెట్టు మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. దాని వెనుక చెక్కపెట్టె పెట్టి, లోపల ఇనుప రేకును కిందికి వాల్చి బిగించి, రేకు ముందు పాత దుప్పట్లు వేలాడదీయండి. నిలువు గోడకో, బండకో తగిలితే పెల్లెట్టు వెనక్కు ఎగిరి వస్తుంది, కనుక కంటికి రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పెరటి తలుపు మాత్రం గడియ పెట్టి, వీలైతే తాళం వేసి, లోపలివారందరికీ చెప్పి మొదలుపెట్టాలి. నీళ్లబిందె పట్టుకుని పెరట్లోంచి ఎవరో ఒకరు తలుపు తోసుకుని లోపలికి రావడం మన ఇళ్లలో ఎప్పుడూ జరిగే పనే.

స్ప్రింగు రకం పిస్టలు చవక, అయితే పెల్లెట్టు పెట్టకుండా దాన్ని ఉత్తినే పేల్చకండి, లోపలి పిస్టను నేరుగా తన గొట్టం చివరి గోడకు కొట్టుకుని చెడుతుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ముందే గాలి నింపుకునే సిలిండరు రకం మంచిది, కుదుపు ఉండదు. మీది సముద్రానికి దగ్గర ఊరు, ఉప్పుగాలికి లోహం తొందరగా తుప్పు పడుతుంది. వాడిన ప్రతిసారీ నూనె చుక్క వేసిన గుడ్డతో పైన తుడిచి పెట్టండి. వానాకాలంలో తోలు సంచిలో ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

సమాధానం: కోరుకొండ పాత కాడెట్

నాగావళి గట్టు గారు చెప్పినదాంట్లో ఒక్క విషయం దగ్గర నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తే తప్పుడు అలవాట్లు గట్టిపడతాయి. చూసి సరిచేసేవాడు లేకపోతే ట్రిగ్గరును గుంజే అలవాటు ఎన్ని డబ్బాలు కాల్చినా పోదు. సైనిక్ స్కూల్లో చదివే రోజుల్లో రైఫిల్‌తో మాకు నేర్పించిన హవల్దారు గారు గొట్టం చివర ఒక రూపాయి బిళ్ల నిలబెట్టేవారు. ఖాళీ రైఫిల్ ట్రిగ్గరు నొక్కినప్పుడు బిళ్ల పడిపోకపోతేనే తూటా చేతికి ఇచ్చేవారు. ఆ సాధనకు పైసా ఖర్చు లేదు. మీ రివాల్వరు సెంటర్‌ఫైర్ (పిన్ను కేసు అడుగున మధ్యలో తగిలే రకం) కనుక ఖాళీగా ట్రిగ్గరు నొక్కినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. సిలిండరు తెరిచి అన్ని గదులూ ఖాళీ అని రెండుసార్లు చూసి, తూటాలు వేరే గదిలో తాళం వేసి, గట్టి గోడ వైపు తిరిగి రోజూ కాసేపు చేయండి. రిమ్‌ఫైర్ ఆయుధంతో మాత్రం అలా చేయకూడదు, పిన్ను నేరుగా చాంబరు అంచుకు తగులుతుంది.

దానితో పాటు, 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘం వారిని మీకు దగ్గరలో గుర్తింపు ఉన్న క్లబ్బు ఏదని రాతపూర్వకంగా అడగండి. మీ సొంత రివాల్వరును అక్కడ వాడుకోవచ్చా అన్నది క్లబ్బును, లైసెన్సు ఇచ్చిన కలెక్టరు కార్యాలయాన్ని ఇద్దరినీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే ఆయుధం బయటకు తీయండి. సరదాగా మొదలుపెట్టినా పోటీల్లోకి వెళ్లాలనిపిస్తే క్రీడాకారుల తూటాల కోటా నియమాలు వేరుగా ఉన్నాయి, అప్పుడు మీ ఖర్చు లెక్క కూడా మారుతుంది.

ప్రశ్న అడిగినవారు: పలాస పలుకు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జీడిపప్పు గ్రేడింగు చేసే మా పాత షెడ్డు పొడవు ఇప్పుడే కొలిపించాను, నలభై అడుగులు దాటింది, రెండు వైపులా గోడలే, తలుపు ఒకటే. నాగావళి గట్టు గారూ, ఆ పెట్టెలో రేకు ఎంత మందం ఉండాలో, దుప్పట్ల బదులు ఖాళీ గోనెసంచులు వేలాడదీస్తే సరిపోతుందో చెప్పగలరా? మా దగ్గర గోనెసంచులకు కొదవ లేదు.

సమాధానం: నాగావళి గట్టు

రేకు మూడు మిల్లీమీటర్లు ఉంటే ఎయిర్ పిస్టలుకు చాలు. గోనెసంచులు బాగానే పనిచేస్తాయి, కాకపోతే నేత వదులుగా ఉంటుంది కనుక మడతలు వేసి నాలుగైదు పొరలుగా వేలాడదీయండి, రేకుకు ఆనకుండా జానెడు ఎడం ఉంచండి. పెట్టె అడుగున ఒక రేకు పళ్లెం పెడితే పడిన సీసం అంతా అందులో చేరుతుంది. దాన్ని చేతితో కాకుండా చీపురుతో తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి. షెడ్డులో ఇంకా జీడిపప్పు నిల్వ పెడుతుంటే మాత్రం అక్కడ వద్దు, సీసపు ధూళి తినే సరుకు మీద పడకూడదు.